‘మా తండ్రీ’ అన్నప్పుడు ఆ ‘మా’ ఎవరు?

ప్రశ్న: సంఘంలో అందరం కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకుంటాం కదండీ. మా అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. దేవుడు అందరికీ తండ్రి అయినప్పుడు ‘పరలోకమందున్న మన తండ్రీ’ అనాలి కదా, ‘మా తండ్రీ’ అంటే మిగతావాళ్లను పక్కన పెట్టినట్టు కాదా అంటోంది. ‘మొదటినుంచీ అలాగే ఉంది’ అని చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. వివరంగా తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు: మీ అమ్మాయి పట్టుకోవలసిన చోటే పట్టుకుందండీ. ఇంగ్లీషులోనో హిందీలోనో ఈ ప్రార్థన నేర్చుకున్న పిల్లకి ఈ సందేహం రానే రాదు. ‘అవర్ ఫాదర్’, ‘హమారే పితా’ అనేస్తే సరిపోతుంది. ఆ భాషల్లో మా, మన రెండిటికీ ఒకటే మాట. తెలుగువాడు నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి, ఎదుటివాణ్ని కలుపుకుంటున్నానా లేదా అని.

చిక్కంతా ‘ఎదుటివాడు’ ఎవరన్న దగ్గర ఉంది. వినేవాణ్ని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ప్రార్థనలో వినేవాడు దేవుడు. పక్కన కూర్చున్నవాళ్లు వినేవాళ్లు కారు, మనతోపాటు మాట్లాడేవాళ్లు. కాబట్టి ‘మా తండ్రీ’లోని ‘మా’ బయట పెట్టింది ఒక్క దేవుణ్నే. మనుషుల్లో ఎవర్నీ కాదు. అన్నదమ్ములు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ‘మన నాన్న’ అనుకుంటారు. అదే నాన్న వైపు తిరిగి ‘మన నాన్నా’ అన్నారనుకోండి, ఆయన్నీ పిల్లల వరసలో నిలబెట్టి ఇంకెవరినో నాన్న చేసినట్టవుతుంది. ‘మన తండ్రీ’ అని ప్రార్థిస్తే వచ్చే ఇబ్బంది అదే.

మత్తయి 6:9లో గ్రీకు మాట ‘పాతెర్ హేమోన్’. హేమోన్ అంటే మా అని చెప్పొచ్చు, మన అనీ చెప్పొచ్చు. గ్రీకుకి ఆ తేడా లేదు. రోమా పత్రిక 1:7లోనూ అదే హేమోన్ ఉంది. అక్కడ మన బైబిలు ‘మన తండ్రియైన దేవునినుండియు’ అంటుంది. మాట ఒకటే, తెలుగులో ఒకచోట మా, ఒకచోట మన. పౌలు అక్కడ దేవునితో మాట్లాడడం లేదు, రోములో ఉన్న విశ్వాసులకి ఉత్తరం రాస్తున్నాడు. వాళ్లనీ కలుపుకుని మన అన్నాడు. అంటే మన అనువాదకులు ఇలాంటి మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు అని తేల్చుకోవలసి వచ్చింది. మూలంలో ఒక్క మాటగా ఉన్నది తెలుగులోకి వచ్చేసరికి ఒక నిర్ణయం అయింది. ఆ పనికి నాకు ఎంతో గౌరవం.

తమిళులు ‘ఎంగళ్ పితావే’ అంటారు, మలయాళీలు ‘ఞంగళుడె పితావే’ అంటారు. రెండూ మన ‘మా’ లాంటివే. కన్నడంలో ‘నమ్మ తందెయే’. ఇప్పటి కన్నడంలో ఈ తేడా చెరిగిపోయింది కాబట్టి వాళ్లకీ ఈ ప్రశ్న రాదు.

యోహాను మొదటి పత్రిక 1:3 కూడా అమ్మాయి చేత చదివించండి. ‘మాతోకూడ మీకును సహవాసము కలుగునట్లు’ అని మొదలుపెట్టి, ఆ వచనం ముగిసేలోపే ‘మన సహవాసమైతే’ అంటుంది. మాతో, మీకు అని విడివిడిగా ఉన్నవాళ్లు ఒక్క వచనంలో ‘మన’ అయిపోయారు. ఈ కదలిక తెలుగులో వినపడినంత స్పష్టంగా ఇంగ్లీషులో వినపడదు.

ప్రశ్న: బాగుందండీ. మరి ఒక్కణ్నే గదిలో కూర్చుని చెప్పుకునేటప్పుడు కూడా ‘మా’ అనే అనాలా? ‘నా తండ్రీ’ అనకూడదా?

జవాబు: అనకూడదని ఎవరూ అనలేరు. గెత్సేమనేలో ప్రభువే ‘నా తండ్రీ, సాధ్యమైతే’ అన్నాడు, మత్తయి 26:39 చూడండి. కానీ ఆయన నేర్పిన ఈ ప్రార్థనలో మొదటినుంచి చివరిదాకా నేను, నా, నాకు అన్న మాట ఒక్కటీ లేదు. అంతకు ముందే 6:6లో ‘నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి’ అని ఏకవచనంలో చెప్పాడు. 6:9కి వచ్చేసరికి ‘కాబట్టి మీరీలాగు ప్రార్థనచేయుడి’ అని బహువచనం. తలుపు వేసుకున్నవాడి నోట కూడా ‘మాకు’ అన్న మాటే పెట్టాడు. గదిలో ఒక్కరే ఉన్నా, ప్రార్థనలో ఒక్కరే లేరన్నమాట.

ఇక్కడ నన్ను చాలాకాలంగా పట్టుకున్న సంగతి ఒకటుంది. తెలుగులో ‘మా’ అన్నిచోట్లా బహువచనంగా వినపడదు. మా నాన్న, మా ఆవిడ, మా ఇల్లు అంటాం. తోబుట్టువులు లేనివాడు కూడా ‘మా అమ్మ’ అనే అంటాడు. ‘నా అమ్మ’ అంటే మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ‘మా తండ్రీ’ అన్నప్పుడు తెలుగువాడి మనసుకి ‘నా తండ్రీ’ అన్న అర్థమే తడుతుంది. చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన ప్రార్థన కాబట్టి అది ఇంకా సులువుగా జరిగిపోతుంది. నిండు సంఘంలో నిలబడి చెబుతున్నా, ఎవరి తండ్రితో వాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ బహువచనం నిజంగా తగిలేది తర్వాత వచ్చే మాటలో. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.’ బంధుత్వం చెప్పేటప్పుడు ‘మా’ని ఒక్కడు వాడుకోవచ్చు. ‘మాకు’ అని ఒక్కడు అనడు. నాకు ఆకలిగా ఉంటే ‘నాకు అన్నం పెట్టు’ అంటాను. ‘మాకు పెట్టు’ అంటే నా వెనక ఇంకెవరో ఉన్నారు. ఉద్యోగం పోయి సంఘానికి వచ్చినవాడూ, ఏ లోటూ లేకుండా వచ్చినవాడూ ఆ ‘మాకు’లో ఒకేసారి నిలబడతారు. ఇంట్లో తిండికి కొదవలేనివాడు కూడా ‘మాకు దయచేయుము’ అంటున్నాడంటే, పక్కవాడి ఆకలిని తన నోటితో అడుగుతున్నాడు. అలా అడిగాక ప్రార్థన అయిపోగానే ఆ పక్కవాణ్ని పలకరించకుండా ఎలా వెళ్లిపోతాం?

నా మటుకు నేను సంఘంలో ఈ ప్రార్థన చెప్పించే అవకాశం వస్తే ఆ ‘మాకు’ దగ్గర కాస్త నిదానిస్తాను. కలిసి చెప్పేటప్పుడు మనవాళ్లు చాలా వేగంగా పోతారు. ముందు వరసవాళ్లు ‘శోధనలోకి’ అంటుంటే వెనకవాళ్లు ఇంకా ‘ఋణములు’ దగ్గరే ఉంటారు.

వ్యాఖ్య: కతోలికుల జపం కూడా ఇక్కడ చెప్పుకోవాలండీ. మేము చిన్నప్పటినుంచి ‘పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడును గాక’ అని చెప్పుకుంటాం. ఆహారం దగ్గర ‘నానాటికి కావలసిన మా అన్నము’ అని వస్తుంది. మీరు ‘నీ’ అంటారు, మేము ‘మీ’ అంటాం. ‘మా’ మాత్రం ఇద్దరికీ ఒకటే.

జవాబు: మంచిమాట గుర్తుచేశారు. ‘అన్నము’ అన్న మాట నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ‘యొక్క’ని వాడుక భాషలో మనం వదిలేశాం గానీ, ఇక్కడ అది ‘మా’ని కొంచెం సాగదీసి వినపడేలా చేస్తుంది. నీ, మీ సంగతి వేరే చర్చకి తగినది, దాన్ని ఇందులో కలపొద్దు.

వ్యాఖ్య: నాకు మీ సూత్రం మీద అభ్యంతరం ఉందండీ. సంఘ ప్రార్థనల్లో పెద్దలు ‘ప్రభువా, మన సంఘాన్ని ఆశీర్వదించు’ అంటుంటారు. మీ లెక్కన అది తప్పవ్వాలి. నాకు మాత్రం అందులో తప్పు వినపడదు. ఆ మాటలో ఆప్యాయత ఉంది.

జవాబు: మీ చెవి సరిగ్గానే విందండీ, తప్పు కాదు. ఇందాకటి అన్నదమ్ములే నాన్నతో ‘నాన్నా, మన ఇంటికి సున్నం వేయించాలి’ అంటారు. ఇల్లు ఆయనది కూడా. ‘మా ఇంటికి’ అంటే ఆయన్ని బయటికి పంపినట్టు. సంఘం దేవునిది అని నమ్మేవాడు ఆయనతో ‘మన సంఘం’ అనడంలో అర్థం ఉంది, చనువు కూడా ఉంది. ‘మన తండ్రీ’ కుదరదు, ‘మన పాపాలు క్షమించు’ అస్సలు కుదరదు. ‘మన సంఘం’ కుదురుతుంది. దేవుడు ఆ మాటలో పాలివాడా కాదా అని చూసుకుంటే చాలు.

కానీ ప్రార్థన మధ్యలో ‘మన’ ఇంకో దారిన కూడా వస్తుంది, దాన్ని గమనించాలి. ‘ప్రభువా, మనలో కొందరు కూడికలకి ఆలస్యంగా వస్తున్నారు, మనం సమయాన్ని గౌరవించాలి తండ్రీ’ అని సాగుతుంది. పిలుపు ప్రభువుకి, మాట జనానికి. కళ్లు మూసుకునే ఉన్నా ముఖం సంఘం వైపు తిరిగింది. ‘మనలో’ అన్నప్పుడు వినేవాళ్లు ఎవరు? బల్లల మీద ఉన్నవాళ్లు. అది హితబోధ. హితబోధ మంచిదే, దానికి వేరే సమయం ఉంది. తలవంచుకుని ఉన్నవాళ్లకి జవాబు చెప్పుకునే వీలు ఉండదు కాబట్టి ప్రార్థనలో దాన్ని కలపడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. అదే సంగతిని ‘ప్రభువా, మేము ఆలస్యంగా వస్తున్నాం, మమ్మల్ని క్షమించు’ అని చెప్పి చూడండి. చెప్పేవాడు కూడా ఆ తప్పులోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు.

దానియేలు 9లో ఉన్నది ఇదే. ఆ గ్రంథమంతటా దానియేలు మీద చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటి కనపడదు. అయినా ప్రజల పాపం ఒప్పుకునేటప్పుడు ‘వాళ్లు’ అనలేదు, ‘మేము’ అన్నాడు. నెహెమ్యా 1:6లో నెహెమ్యా తననూ తన తండ్రి ఇంటివారినీ పాపం చేసినవాళ్లలో కలుపుకున్నాడు.

ముందు నిలబడి ప్రార్థించేవారికి ఇది బరువైన పని. ‘మేము’ అన్న ప్రతిసారీ అక్కడున్న అందరి తరఫునా మాట్లాడుతున్నారు. ఆ అందరూ చివర ‘ఆమేన్’ అని సంతకం పెట్టాలి. ఆమేన్‌కి మూలమైన హీబ్రూ ధాతువులో స్థిరం, నమ్మకం అన్న అర్థాలున్నాయి. మొదటి కొరింథీ 14:16లో పౌలు అడిగేది కూడా ఇదే. నువ్వు చెప్పింది అర్థంకాని మనిషి ఆమేన్ ఎలా అంటాడు అని. అర్థంకాని మాటకే కాదు, తాను ఒప్పుకోని మాటకి కూడా ఆమేన్ రాదు. ‘మేము ఇంత సంతోషంగా ఉన్నాము ప్రభువా’ అన్నప్పుడు, ఆ వారమే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నామె ఏమంటుంది? ఆమెకీ చోటున్న ‘మేము’ కావాలి. కీర్తనల్లో ఏడుపూ స్తుతీ ఒకే పాటలో ఉండటం ఊరికే కాదు.

ప్రశ్న: చివర దీవెన సంగతి కూడా చెప్పండి. కొందరు ‘మీకందరికి తోడైయుండును గాక’ అంటారు, కొందరు ‘మనకందరికి’ అంటారు. ఏది సరి?

జవాబు: రెండో కొరింథీ 13:14లో ఉన్నది ‘మీకందరికి’. పౌలు వాళ్లకి రాస్తున్నాడు కాబట్టి అలా. కాపరి చేయెత్తి దీవించేటప్పుడు ‘మీకు’ అనడం దాన్నిబట్టే. అందరూ కలిసి ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు ‘మనకు’ వస్తుంది. ఇది కొత్తగా పుట్టింది కాదు, 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలోనే ఈ వచనాన్ని ‘మనకందరికి’ అన్న అర్థంలో మార్చి పెట్టారు. రెండూ సరే. ‘మాకందరికి’ అన్నది మాత్రం ఎక్కడా రాదు, గమనించారా? ఇక్కడ మాట దేవునితో కాదు, మనుషులతో.

ప్రశ్న: అమ్మాయికి చదివి వినిపించానండీ. ‘మా’ సంగతి ఒప్పుకుంది. లూకాలో వట్టి ‘తండ్రీ’ అనే ఉంది కదా, అక్కడ ‘మా’ ఏమైపోయింది అని ఇప్పుడు కొత్త ప్రశ్న.

జవాబు: ఆ అమ్మాయిని ఈ గుంపులో చేర్చండి! లూకా 11:2లో ‘తండ్రీ’ ఒక్కటే ఉంది, నిజమే. పిల్లలు నాన్నని పిలిచేది కూడా అలాగే, ముందు ‘మా’ ఉండదు. కానీ కింద మళ్లీ ‘మాకు కావలసిన అనుదినాహారము దినదినమును మాకు దయచేయుము’ అని ‘మాకు’ రెండుసార్లు వచ్చింది. పిలుపులో లేని ‘మా’ అడగడంలో ఉంది.

అక్కడే 11:4లో ‘మాకచ్చియున్న ప్రతివానిని’ అన్న మాటని కూడా చూడమనండి. చాలామంది దీన్ని ‘మాకు ఇచ్చియున్న’ అనుకుని చదివేస్తారు, అర్థం తిరగబడిపోతుంది. అచ్చియుండు అంటే బాకీపడి ఉండటం. ‘నష్టం అచ్చుకోవాల్సి వచ్చింది’ అంటాం చూడండి, ఆ అచ్చు. రోమా 13:8లో ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ ‘అచ్చియుండవద్దు’ అన్నదీ ఇదే. మత్తయిలో ‘మా ఋణస్థులు’ అన్నవాళ్లే లూకాలో ‘మాకచ్చియున్నవాళ్లు’. ‘ప్రతివానిని’ అని కూడా ఉంది, ఒక్కరినీ మినహాయించలేదు. ఆ ప్రతివాడు మనతోపాటు అదే ప్రార్థన చెబుతూ వెనక వరసలోనే ఉండొచ్చు, అతని ‘మా’లో మనమూ ఉంటాం.