అమ్మ ఇల్లు అన్నయ్యకు దాన సెటిల్‌మెంట్ రాయవచ్చా?

తెనాలి ఆడపడుచు:
అమ్మకు 74 ఏళ్లు. నాన్నగారు పోయాక తెనాలి ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలంలో కట్టిన ఇల్లది. దాన్ని ఇప్పుడే దాన సెటిల్‌మెంట్‌గా, అంటే బతికుండగానే డబ్బు తీసుకోకుండా ఇచ్చేసినట్టు, రాసిమ్మని అన్నయ్య అడుగుతున్నాడు. అమ్మ సరేనంది. నాకు అందులో వాటా అక్కర్లేదు. ఆమె చివరిదాకా తన ఇంట్లోనే ఉండాలి, అంతే. చిత్తు ప్రతి చూశాను. "నీయందుగల ప్రేమాభిమానములచే ఈ దినమే స్వాధీనపరచడమైనది" అని ఉంది. అమ్మను చూసుకోవాలన్న మాట ఎక్కడా లేదు. రాయవచ్చా?

పాత దస్తావేజు లేఖరి:
వద్దమ్మా. "ఈ దినమే స్వాధీనపరచడమైనది" అన్న ఆ ఒక్క వాక్యం చాలు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ ఇంట్లో మీ అమ్మగారికి మిగిలేది కొడుకు దయ మాత్రమే. మనసు మారిందని దానాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చి నా బల్ల ముందు ఏడ్చిన తల్లులను చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను.

వీలునామా రాయించండి. బతికి ఉన్నంతకాలం ఇల్లు ఆమెదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు సుంకం ఉండదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. సాక్షులు ఇద్దరుండాలి. వాళ్లు ఆమెకంటే బాగా చిన్నవాళ్లై ఉండాలి, ఎందుకంటే రేపు కోర్టులో నిలబడి చెప్పాల్సింది వాళ్లే. ఇల్లు పొందే అన్నయ్యను సాక్షిగా పెట్టకండి.

సెటిల్‌మెంటే కావాలని ఆయన పట్టుబడితే, అమ్మగారికి జీవితకాలం నివాస హక్కు, అద్దెలపై హక్కు ఉంచి, పోషణ షరతును దస్తావేజులోనే రాయించండి.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:
ఆ షరతు ఎంత ముఖ్యమో చెబుతాను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి పుచ్చుకుని చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా చదవాలంటూ కొడుక్కి రాసిన దానాన్ని రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో గారే, అప్పీలు కలెక్టరు దగ్గరకు. అయినా కన్నకొడుకు మీద అర్జీ పెట్టడానికి ఏ తల్లికి చేతులాడతాయి? ముందే జాగ్రత్తపడాలి. సలహా కావాలంటే 14567కు ఫోను చేయండి, వృద్ధుల సహాయవాణి అది.

తెనాలి ఆడపడుచు:
ఇద్దరికీ నమస్కారాలు. రాత్రి అన్నయ్యకు మీ మాటలు చదివి వినిపించాను. వీలునామాకు ఒప్పుకున్నాడు. ఒక్క సందేహం. అమ్మకు మతిమరుపు ముదిరితే బ్యాంకు పనులకు జీపీఏ, అంటే తన తరఫున పనులు చేయమని మరొకరికి రాసిచ్చే అధికార పత్రం, సరిపోతుందా?

పాత దస్తావేజు లేఖరి:
సరిపోదమ్మా. రాసిచ్చిన మనిషికి మతి తప్పితే జీపీఏ కూడా రద్దయినట్టే. ఖాతాను ఇప్పుడే ఉమ్మడి ఖాతాగా మార్పించండి. వీలునామా రోజున ఆమె స్థిరచిత్తంతో ఉన్నట్టు డాక్టరు గారి ధ్రువపత్రం తీసుకుని దగ్గర ఉంచుకోండి.