హ్యూబ్రిస్ అంటే గర్వమేనా? ఈస్కిలస్ రెండు పాదాల మీద చర్చ

ప్రశ్న: గ్రీకు విషాద నాటకాల మీద పిల్లలకి పాఠం రాస్తున్నాను. హ్యూబ్రిస్ అన్న మాటకి అందరూ గర్వం, అహంకారం అనే రాస్తున్నారు. "గర్వం వల్ల పతనం" అని రాసేస్తే సరిపోతుందా? ఇంతకంటే బిగువైన తెలుగు మాట ఉందా?

జవాబు: సరిపోదండీ. గర్వం మనసులో ఉండే గుణం. ఎవరి జోలికీ పోకుండా గర్వంగా బతికి వెళ్ళిపోయేవాళ్ళు ఎంతమందో ఉంటారు. ఏథెన్సు వాళ్ళకి హ్యూబ్రిస్ అంటే ముందుగా ఒక చేత, ఎదుటివాడి పరువు తీసే చేత. దాని మీద న్యాయస్థానంలో వ్యాజ్యం వేయడానికి చట్టం ఉండేది. వక్త డెమోస్తనీస్ ఒక ఏడు దియోనిసస్ దేవుడి ఉత్సవంలో తన తెగ గాయకబృందానికి ఖర్చు పెట్టుకుని నిలబడితే, మీడియాస్ అనే ధనవంతుడు నిండు నాటకశాలలో ఆయన్ని కొట్టాడు. ఆ దెబ్బ గురించి డెమోస్తనీస్ రాసుకున్న ప్రసంగం ఇప్పటికీ ఉంది. దాని నిండా హ్యూబ్రిస్ అన్న మాటే. అరిస్టాటిల్ ఇంకా తేటగా చెప్పాడు: తనకేదో ఒరుగుతుందని కాక, ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడంలో ఉన్న సుఖం కోసమే చేసే పని హ్యూబ్రిస్ అని.

ఇక నాటకంలో ఈ మాట బలం తెలియాలంటే నేను చూపించేది గ్రీకు విషాద నాటక కవి ఈస్కిలస్ రాసిన "పర్షియన్లు"లో 821, 822 పాదాలు. క్రీ.పూ. 472లో ఏథెన్సులో ఆడిన నాటకమిది. ప్రదర్శన ఖర్చు భరించినవాడు తరవాత ఏథెన్సుకి పెద్ద నాయకుడైన, అప్పటికింకా కుర్రవాడైన పెరిక్లీస్. సలామిస్ దీవి దగ్గర గ్రీకుల చేతిలో పర్షియా నౌకాదళం మునిగింది క్రీ.పూ. 480లో. అంటే చూడవచ్చినవాళ్ళలో ఆ రోజు స్వయంగా తెడ్లు వేసినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. కవి కూడా అంతకుముందు పర్షియన్ల మీద జరిగిన మారథాన్ యుద్ధంలో ఈటె పట్టినవాడే. అయినా కథ జరిగేది శత్రువు ఇంట్లో, పర్షియా రాజుల సూసా నగరంలో. గెలిచినవాళ్ళు కూర్చుని ఓడినవాళ్ళ ఏడుపు విన్నారు. అలాంటి నాటకం రాసిన గుండెకీ, విన్న ఊరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

చనిపోయిన చక్రవర్తి దరియస్‌ను రాణి అటోస్సా, ముసలి మంత్రులు కలిసి సమాధి నుంచి పిలుస్తారు. ఆయన ప్రేతం లేచి వచ్చి, గ్రీసు మీద దండెత్తి ఓడిన కొడుకు జెర్క్సిస్ చేసిన నిర్వాకమంతా విని ఇలా అంటుంది:

హ్యూబ్రిస్ గార్ ఎక్సంథూస్ ఎకార్పోసెన్ స్టాఖున్
ఆటేస్, హొథెన్ పాంక్లౌటొన్ ఎక్సమా థెరొస్.

మాటకి మాట పెడితే: ఎక్సంథూస్, విరగబూసి. ఎకార్పోసెన్, కాపు కాసింది. స్టాఖున్, కంకిని. ఆటేస్, చేటు అనే. పాంక్లౌటొన్, అంతా ఏడుపే అయిన. ఎక్సమా, కోసుకుంటుంది. థెరొస్ అంటే వేసవి, వేసవిలో వచ్చే కోత కూడా. గ్రీసులో బార్లీ, గోధుమ కోతలు ఎండలు ముదిరే వేళకే వస్తాయి.

ఈ రెండింటికి ముందున్న పాదాల్లోనే విత్తనం పడి ఉంది, చూడండి. ప్లాటియా యుద్ధంలో పడబోయే పర్షియన్ల శవాల గుట్టలు మూడో తరం వాళ్ళ కళ్ళకి కూడా నోరు లేకుండానే చెబుతాయట, మనిషి మనిషి కొలత దాటి తలపోయకూడదని. ఆ "మూడో తరం" అన్నచోట కవి వాడిన సమాసానికి అర్థం మూడుసార్లు విత్తినది అని. విత్తు, పూత, కంకి, కోత. నాలుగైదు పాదాల్లో ఏడాది సేద్యమంతా నడిచిపోయింది.

చెట్లకీ హ్యూబ్రిస్ ఉంటుందని గ్రీకులు అనుకునేవారు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ చెట్ల మీద రాసిన పుస్తకంలో, కాపు మరిచి ఆకూ కొమ్మా వేసుకుపోయే చెట్టు విషయంలో ఈ మాటే వాడాడు. బాదం మానులో ఇనుప మేకు దిగ్గొట్టి ఆ మదాన్ని అణిచే పద్ధతీ చెప్పాడు. యూరియా ఎక్కువై ఏపుగా ఎదిగి పడిపోయిన వరిచేను చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ఈస్కిలస్ పైరు మాత్రం కంకి దాకా వచ్చింది. అందులో పాలుపోసుకున్న గింజ వేరు, అంతే.

నా తెలుగు ఇది, సరిదిద్దండి:

మదము విరగబూసి చేటు కంకి వేసె,
కోతకొచ్చువేళ కన్నీళ్ళే పంట.

స్పందన: మదం బాగుంది గానీ మాష్టారూ, మీరే ఏపుగా ఎదిగిన చేను అన్నాక "బలుపు" అంటే ఇంకా సూటిగా ఉండదా? బలిసింది అని మొక్కకీ అంటాం, మనిషికీ అంటాం. అలాగే ఆటేకి చేటు చాలదేమో. "వినాశకాలే విపరీతబుద్ధిః" అన్నదే కదా ఆటే?

జవాబు: బలుపు అర్థానికి సరిగ్గా అతుకుతుందమ్మా, కాదనను. కానీ ఇక్కడ మాట్లాడేది తండ్రి, అందులోనూ చక్రవర్తి, చావు లోకం నుంచి లేచి వచ్చినవాడు. కొడుకుని తిట్టడం లేదు, కుమిలిపోతున్నాడు. కాసేపటి ముందే "నా కొడుకు బుద్ధికి ఏదో జబ్బు పట్టింది" అన్నాడు కూడా. ఆ నోట బలుపు పలికితే వీధి తగాదా అయిపోతుంది. పాఠంలో పిల్లలకి విప్పి చెప్పేటప్పుడు మాత్రం బలుపే వాడండి, ఇట్టే పట్టుకుంటారు.

ఆటే గురించి మీరన్నదాంట్లో సగం గట్టి నిజం. బుద్ధి చెడడం, నాశనం కావడం, రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. కానీ వరస చూడండి. మన నానుడిలో వినాశకాలం ముందు, విపరీతబుద్ధి వెనక. కాలం దాపురించింది కాబట్టి బుద్ధి పుట్టింది. "పోయేకాలం వచ్చింది" అన్నా అదే. హోమర్‌లోనూ ఈ వరసే ఉంది. "ఇలియడ్" 19వ సర్గలో గ్రీకు సేనానాయకుడు అగమెమ్నోన్, తమ మహావీరుడు అఖిలీస్‌కి జరిగిన అవమానానికి తప్పు తనది కాదంటాడు. దేవతల రాజు జ్యూస్, విధి, చీకట్లో నడిచే ప్రతీకార దేవత ఎరీనిస్ కలిసి తన బుద్ధిలో ఆటేని పెట్టారంటాడు. ఈస్కిలస్ పాదాల్లో వరస తిరగబడింది. ముందు మనిషి పూశాడు, ఆటే తరవాత కాసింది.

మరి విధి లేదా అంటే ఉంది. ఈ కీడు గురించి దేవవాక్కు దరియస్‌కి ముందే తెలుసు. ఎప్పుడో చాలాకాలానికి జరుగుతుందని ఆశపడ్డాడట. "అయితే మనిషి తనంతట తానే తొందరపడితే దేవుడూ వచ్చి చెయ్యి కలుపుతాడు" అంటాడు, 742వ పాదంలో. నాటకం మొత్తంలో నాకు ఒళ్ళు జలదరించే చోటిది. రాసిపెట్టి ఉన్నదాన్ని కొడుకు పరుగెత్తి తెచ్చుకున్నాడు. సైన్యాన్ని దాటించడానికి వంతెన కట్టి, పవిత్రమైన హెలెస్పాంట్ జలసంధికి బానిసకి వేసినట్టు సంకెళ్ళు వేశాడు, సైన్యం గుళ్ళు తగలబెట్టింది, విగ్రహాలు దోచింది. (సముద్రానికి 300 కొరడా దెబ్బలు కొట్టించిన కథ చరిత్రకారుడు హెరోడోటస్‌ది, ఈ నాటకంలో లేదు. పాఠంలో కలిపేయకండి.)

స్పందన: మరి ఈడిపస్ సంగతేమిటన్నా? తెలియక తండ్రిని చంపిన ఆ రాజుది గర్వభంగం కథ అనే చదువుకున్నాం.

జవాబు: ఆ చదువుతోనే నాకు పేచీ తమ్ముడూ. ఈడిపస్‌కి కోపం ఉంది, తొందర ఉంది, నా తెలివితో స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపు విప్పానన్న అతిశయమూ ఉంది. కానీ తండ్రిని చంపుతాడని జోస్యం అతను పుట్టకముందే ఆ తండ్రి లాయస్‌కి చెప్పేశారు. ఆ పాపం తగలకూడదనే అతను పెరిగిన ఊరు కొరింథు వదిలి పారిపోయాడు. పాపం తప్పించుకోవాలని పరుగెత్తినవాడికీ గుళ్ళు తగలబెట్టినవాడికీ ఒకే ముద్ర వేయడం అన్యాయం. అరిస్టాటిల్ "కావ్యశాస్త్రం" 13వ అధ్యాయంలో ఈడిపస్ పేరెత్తి వాడిన మాట హమార్తియా, అంటే పొరపాటు. బాణం గురి తప్పడానికి వాడే క్రియ నుంచి వచ్చిన మాట అది. హ్యూబ్రిస్ అనలేదు.

అయితే సోఫోక్లిస్ రాసిన ఆ ఈడిపస్ నాటకంలో కోరస్, అంటే గాయకబృందం, 873వ పాదంలో ఒక మాట పాడుతుంది: "హ్యూబ్రిస్ ఫుటేవెయి తురన్నొన్". హ్యూబ్రిస్ నిరంకుశుణ్ణి నాటుతుంది అని. కొందరు పరిష్కర్తలు పాఠం సవరించి, నిరంకుశత్వమే హ్యూబ్రిస్‌ను నాటుతుందని చదువుతారు. ఎటు చదివినా క్రియ మొక్క నాటడానిదే, బిడ్డని కనడానికీ వాడతారు. తెలుగు చేసేవాళ్ళు "కంటుంది" అనే రాస్తారు. నేనైతే "నాటుతుంది" అనే ఉంచుతాను.