‘కాలాతీత వ్యక్తులు’: ఈ పేరులో ‘అతీత’ ఏ అర్థంలో?

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో కొన్న పాత నవలలు మూడు ఈమధ్యే పూర్తి చేశాను. అసమర్థుని జీవయాత్ర, చివరకు మిగిలేది, కాలాతీత వ్యక్తులు. మొదటి రెండు పేర్లతో నాకు పేచీ లేదు. గోపీచంద్ తన కథానాయకుడు సీతారామారావును అట్ట మీదే అసమర్థుడు అనేశారు, ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకుంటూ చదువుతాం. బుచ్చిబాబు నవల మధ్యలో నాకు కొంచెం సాగినట్టు అనిపించింది కానీ కోమలి ఉన్న పేజీలు రెండోసారి చదివాను, పేరుకు జవాబు కూడా చివర్లో కథానాయకుడు దయానిధి ఆలోచనల్లోనే దొరుకుతుంది.

డాక్టర్ పి. శ్రీదేవి నవల దగ్గర మాత్రం ఆగిపోయాను. నవల నచ్చక కాదు, మూడింటిలో నాకు బాగా నచ్చింది అదే. పేరు దగ్గర ఆగాను.

‘కాలాతీతం’ అంటే మా తాతయ్య నోట నేను విన్న అర్థం ఒకటే: ఆలస్యం. ‘భోజనాలకు కాలాతీతమైంది, లేవండి’ అనేవారు. గడువు దాటిన చెక్కును కాలం చెల్లింది అంటాం, మూడేళ్లు దాటిన ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టింది అంటాం, ఇది కూడా ఆ కుటుంబంలో మాటే అనుకునేవాణ్ణి. పుస్తకాల సమీక్షల్లోనేమో ఎప్పటికీ పాతబడని దానికి ఇదే మాట వాడుతున్నారు. ఒకటి వేళ మించిపోవడం, ఇంకొకటి అసలు వేళతోనే పని లేకపోవడం. ఒకే మాట ఇంత ఎదురెదురుగా ఎలా నిలబడింది?

విడదీస్తే అతి + ఇత, దాటి వెళ్లిన అని. పాణిని ద్వితీయా తత్పురుషం (‘దేన్ని’ అనే అర్థం వచ్చే సమాసం) చెప్పే సూత్రంలో శ్రిత, అతీత, పతిత అంటూ ఈ మాటను పేరుపెట్టి చెప్పాడు కాబట్టి కాలాతీతుడు అంటే కాలాన్ని దాటినవాడు. ఊహాతీతం, వర్ణనాతీతం కూడా ఇలాంటివే. అంటే మాటలో ఉన్నది దాటడం ఒక్కటే. ముందుకు దాటారా, చేయాల్సిన వేళను దాటబెట్టుకున్నారా అన్నది మాట చెప్పదు, పక్కనున్న మనిషి చెప్పాలి.

ఇక్కడే నాకు శ్రీదేవి నవలలోని ఇందిర గుర్తొచ్చింది. ఈ నవల 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. ఆ రోజుల్లో ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో తానే తేల్చుకుని, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వని అమ్మాయి! తన కాలాన్ని దాటి ముందుకు నడిచిన మనిషి అని ఆమె గురించి అనుకుంటే పేరు సరిపోతుంది, మరి బహువచనం ఎందుకు? మెడిసిన్ చదివే ప్రకాశం మాటేమిటి? నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా వెనక్కి తగ్గుతాడు, చదువుతుంటే నాకు నిజంగా కోపం వచ్చింది. అతనిది మా తాతయ్య చెప్పిన కాలాతీతం, వేళ మించిపోవడం. నా అభిప్రాయం ఏమిటంటే ఆ ‘వ్యక్తులు’లో ఇద్దరూ ఉన్నారు, ఆ మాటకున్న రెండు అర్థాలూ ఈ ఇద్దరికీ చెరొకటి సరిపోయాయి.

‘వ్యక్తులు’ అనడం కూడా నాకు చాలా ఇష్టంగా ఉంది. సంస్కృతంలో వ్యక్తి స్త్రీలింగం, తెలుగులో ఆడా మగా ఎవరికైనా వాడతాం. ఈ నవల ఆధారంగా 1963లో తీసిన సినిమాకు ‘చదువుకున్న అమ్మాయిలు’ అని పెట్టారు. సినిమా పేరుగా బాగానే ఉంది, కానీ ప్రకాశం అందులోంచి జారిపోయాడు, కాలం కూడా జారిపోయింది.

(తర్వాత చేర్చింది) కింద వ్యాఖ్యల్లో ఒకరు సంధ్యావందనం గుర్తుచేశారు, ధన్యవాదాలండీ. వేళ తప్పితే కాలాతిక్రమ దోషం పోవడానికి ఇంకో అర్ఘ్యం ఇస్తారు కదా, అక్కడా అదే ‘అతి’, కాకపోతే ఇత బదులు క్రమ. ఇంకొకరు ‘ఎవర్‌గ్రీన్’ అనే అర్థం చాలు, ఇంత లాగడం ఎందుకన్నారు. నాకు చాలదండీ. ఎవర్‌గ్రీన్ అనేది పుస్తకానికి మనం తర్వాత ఇచ్చిన మెప్పు, రచయిత్రి తన పాత్రలకు రాసేటప్పుడే పెట్టిన పేరు అది కాదు కదా.

కథ విశాఖపట్నంలో నడుస్తుంది కాబట్టి అటువైపు వాళ్లను ఒకటి అడగాలని ఉంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ‘కాలాతీతమైంది’ అని ఆలస్యానికి వాడేవారా? వాడితే ఏ సందర్భంలోనో ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాయండి.