వెలి, వెళి, బహిష్కారం

మొన్న చెన్నై టీనగర్‌లో పార్కింగ్ గేటు మీద ఒకపక్క ‘ఉళ్ళే’, ఇంకోపక్క ‘వెళియే’ అని అరవంలో రాసుంది. మా అమ్మ బాపట్ల నుంచి వచ్చి నెల కూడా కాలేదు, ఇప్పుడిప్పుడే ఆ అక్షరాలు కూడబలుక్కుంటోంది. స్కూటీ వెనక కూర్చుని దాన్ని చదివి, “వెళి అంటే మన వెలేనా? అయితే బయటికి పోయేవాళ్ళందర్నీ వెలేస్తున్నారన్నమాట” అని ఒకటే నవ్వు.

నిజానికి రెండూ ఒకటే మాట. మన వెలుపల, వెలువడు, వెలివాడ, అన్నిట్లోనూ ఉన్నది అదే. (వెలిగారం, అంటే బొరాక్స్, అందులో వెలి మాత్రం తెలుపు, దాన్ని ఇందులో కలపకండి.) అరవంలో ఈ మాటకు ఖాళీ జాగా అనే అర్థం కూడా ఉంది, అంతరిక్షాన్ని వాళ్ళు విణ్‌వెళి అంటారు. మనం ఆ దిక్కుమాటకు ‘వేయు’ తగిలించి శిక్ష చేశాం. ఆ శిక్ష కూడా ఉత్త మాట కాదు, ఇంటికి నిప్పూ నీళ్ళూ పుట్టవు, చాకలీ మంగలీ రారు, పిల్లకు సంబంధం రాదు, మళ్ళీ లోపలికి రావాలంటే ‘తప్పు’, అంటే జరిమానా, కట్టాలి, అప్పుడు కులంలో ‘కలుపుకుంటారు’. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు చేయించిన మొదటి వితంతు వివాహానికి వెళ్ళినవాళ్ళకీ ఈ వెలి తప్పలేదు, కొందరైతే ప్రాయశ్చిత్తం చేసుకున్నారు కూడా. ఆయన పోయింది మాత్రం ఇక్కడే, మద్రాసులో, 1919లో.

నా సందేహం ఏంటంటే, బహిష్కారం కూడా ఇదేనా, లేక వేరే రుచి ఉందా?

— మాట పుట్టుక ఒకేలాంటిదే అక్కా, సంస్కృతంలో బహిస్ అంటే బయట. నమస్కారం, తిరస్కారంలో ‘స’ అలాగే ఉండిపోయింది, బహిష్కారం, ఆవిష్కారంలో ముందు ఇకారం ఉంది కాబట్టి ‘ష’ అయింది. ఇంట్లో ఆడవాళ్ళ విషయంలో అనే బహిష్టు కూడా ఈ బహిస్సే, బయట ఉండేది అని. ఇక్కడ మా పక్కింటివాళ్ళు దాన్ని ‘వీట్టు విలక్కు’ అంటారు, అందులోనూ ఇంటి నుంచి తప్పించడమే. మాట ఏ భాషదైనా మూలన కూర్చోబెట్టేది ఒకర్నే!

— బాగా చెప్పావు తమ్ముడూ. ఇంకోటి తట్టింది. ఎన్నికల బహిష్కరణ అంటాం, సభని బహిష్కరించాం అంటాం, అక్కడ బయటికి పోయేది మనమే, మన ఇష్టంతో. ‘ఎన్నికల్ని వెలేశాం’ అని ఎవరైనా అనగా విన్నావా? వెలి ఎప్పుడూ పదిమంది కలిసి ఒకడికి వేసేదే. బైబిల్ తెలుగు చేసినవాళ్ళు కూడా, సమాజమందిరంలోంచి గెంటేస్తారనే చోట, యోహాను సువార్త 16వ అధ్యాయంలో, ‘వెలివేయుదురు’ అనే రాశారు.

— 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బయటికి పంపిన విద్యార్థులు ఆరుబయట వేసుకున్న టెంటుకి ‘వెలివాడ’ (ఊరి బయటి దళితుల వాడ) అని పేరు పెట్టుకున్నారు, రోహిత్ వేముల వాళ్ళు. వేరే మాట సరిపోయేది కాదు అక్కడ.

— అవును. అమ్మకి చదివి వినిపించా, ఈసారి నవ్వలేదు. “మా ఊళ్ళో వెలివాడ అనేవాళ్ళం కాదే, పల్లె అనేవాళ్ళం” అంది.