కులం తెలిశాక ఇల్లు లేదన్నారు: కేసు నిలబడుతుందా?

ప్రశ్న (అద్దెదారు, తిరుపతి):
బైరాగిపట్టెడలో ఒక ఫ్లాటు చూసి, అద్దె మాట్లాడుకుని, అడ్వాన్సులో కొంత ఫోన్‌పేలో పంపించాను. తాళాల కోసం వెళ్తే ఓనరుగారు "మీరేమిటోళ్లు?" అని అడిగారు, షెడ్యూల్డు కులానికి చెందినవారమని చెప్పాను. సాయంత్రానికి డబ్బు వెనక్కి వచ్చింది, తమ్ముడి కొడుకు దిగుతున్నాడని వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా వచ్చింది. వారం దాటినా గేటుకు అదే టులెట్ బోర్డు వేలాడుతోంది. అట్రాసిటీ కేసు పెట్టమని బంధువులు అంటున్నారు. అది నిలబడుతుందా?

జవాబు (న్యాయవాది, చిత్తూరు):
అందరికీ ముందు గుర్తొచ్చేది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అట్రాసిటీల) నిరోధక చట్టమే కానీ, కులం పేరుతో దూషించారనే నేరం కింద కేసు నిలవాలంటే ఆ మాటలు నలుగురి ఎదుట అని ఉండాలి. మీ విషయంలో దూషణే జరగలేదు. మీకు నేరుగా సరిపోయేది పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955. అంటరానితనాన్ని పాటిస్తూ ఎవరినైనా నివాసగృహంలో ఉండనివ్వకుండా అడ్డుకోవడాన్ని అందులోని 4వ సెక్షను నేరంగా పేర్కొంటుంది. అటువంటి పని షెడ్యూల్డు కులంవారి విషయంలో జరిగితే, అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు భావించాలని, కాదని ఎదుటివారే రుజువు చేసుకోవాలని 12వ సెక్షను చెబుతుంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ జరిమానాతో నేడు గేటుకు రంగు కూడా వేయించలేం.

జవాబు (ఇంటి యజమాని, తిరుపతి):
సొంత ఇంటిని ఎవరికివ్వాలో యజమానికే వదిలేయాలి కదా? పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో 2005లో సుప్రీంకోర్టు సొసైటీ పక్షానే నిలిచింది. మాంసం వండేవారికి ఇవ్వనంటే అదీ నేరమేనా?

జవాబు (న్యాయవాది, చిత్తూరు):
అయ్యా, ఆ తీర్పు అహ్మదాబాదులోని ఒక సహకార సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకున్న నిబంధన గురించినది. అంటరానితనానికి అది అనుమతి కాదు. ఆహారపు షరతు జోలికి ఈ చట్టం వెళ్లదు. అయితే ముందు కులం అడిగి, తర్వాత కూర గురించి మాట్లాడితే ఆ వరుసను కోర్టు గమనిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కేసు గెలిస్తే ఆ ఫ్లాటు ఇప్పిస్తారా?

జవాబు (న్యాయవాది, చిత్తూరు):
లేదు, ఇది శిక్ష కోసం వేసే కేసు. వాట్సాప్ మెసేజ్‌ను, డబ్బు తిరిగొచ్చిన వివరాలను భద్రపరచండి; బోర్డును తేదీ కనబడేలా ఫొటో తీయండి; ఇతర కులానికి చెందిన మిత్రుడితో ఫోన్ చేయించి, ఫ్లాటు ఖాళీగా ఉందేమో అడిగించండి. షెడ్యూల్డు కులాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఇంత తక్కువ శిక్ష ఉన్న నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి సాధారణంగా ఏడాదే గడువు కాబట్టి ఫిర్యాదును వాయిదా వేయవద్దు.