అప్‌డేట్: మార్గిట్ ఎట్టకేలకు చచ్చాడు
పోయిన వారం అడిగాను కదా, ఎల్డెన్ రింగ్ గేమ్‌లో స్టార్మ్‌వీల్ కోట ముందు అడ్డుపడే బాస్ (పెద్ద శత్రువు) మార్గిట్ దగ్గరే ఇరుక్కుపోయాను, పైగా గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, ఏం చెయ్యాలి అని. నిన్న రాత్రి చంపేశాను.

మీరు చెప్పినట్టే వాణ్ణి వదిలేసి మ్యాప్‌లో దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులా అనే ప్రాంతమంతా తిరిగి, లెవెల్ 14 నుంచి 27కి తెచ్చుకుని, కత్తి బలం +3కి పెంచుకుని వచ్చాను. కానీ అసలు తేడా అక్కడ రాలేదు. వాడు కర్ర పైకెత్తి ఒక్క క్షణం అలాగే ఆపుతాడు చూడండి, నేనేమో ఎత్తగానే తప్పించుకోవడానికి దొర్లేవాణ్ణి, లేచేసరికి సరిగ్గా నెత్తిన పడేది. కర్ర కిందికి కదిలేదాకా బటన్ మీద వేలు బిగబట్టుకుని ఆగడం అలవాటయ్యాక సగం పని అయిపోయింది. గేమ్‌లో ప్యాచెస్ అనే వ్యాపారి దగ్గర 5,000 రూన్లు (గేమ్‌లో డబ్బు) పోసి మార్గిట్‌ని కాసేపు కట్టిపడేసే సంకెల కూడా కొన్నాను, టెన్షన్‌లో వాడటమే మర్చిపోయాను (నవ్వకండి).

ఆగి ఆగి నడవడం బగ్ కాదు, నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఏడాది పాతది. అప్‌డేట్ చేశాక చాలావరకు పోయింది. అనవసరంగా గేమ్‌ని తిట్టాను.

ఈజీ మోడ్ లేదని ఏడ్చింది కూడా నేనే. ఇప్పుడు కోట లోపల ఇంకో బాస్ గాడ్రిక్ చేతిలో తన్నులు తింటున్నాను.