పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంటి దగ్గరే మార్ఫిన్ అందించడం ఎలా?

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లు క్యాన్సర్‌కి ఎక్కువగా విశాఖే వెళ్తారు. అక్కడి డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్నాక నొప్పి సంగతి ఎవరు చూడాలి?

నోటి మార్ఫిన్ (మింగే బలమైన నొప్పి మందు) మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక ఆసుపత్రికి నాలుగైదు లైసెన్సుల బెడద పోయింది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటి చాలు. దక్షిణ ఒడిశాలో చిన్న నర్సింగ్ హోమ్‌కో మిషన్ ఆసుపత్రికో ఈ గుర్తింపు తెచ్చినవాళ్లున్నారా? దరఖాస్తులో ఏ కాగితం దగ్గర ఆగింది? ఆంధ్రా డాక్టర్ చీటీ మీద ఇక్కడ మందు ఇస్తున్నారా, మళ్లీ ఇక్కడి డాక్టర్ రాయాల్సిందేనా?

మందు దొరికినా అసలు తేడా ఇంట్లోనే వస్తుంది. నాలుగు గంటలకోసారి వేయాల్సిన మాత్రని నొప్పి పుట్టినప్పుడే వేస్తారు. విరేచనం అయ్యే మందు మొదటిరోజు నుంచే ఇవ్వకపోతే మలబద్ధకంతో కడుపు బిగుస్తుంది, దాంతో మార్ఫినే మానేస్తారు. మధ్యలో నొప్పి ఎగదన్నితే రోజు మొత్తం డోసులో ఆరో వంతు అదనంగా ఇవ్వాలన్నది చీటీలో చాలాసార్లు ఉండదు.

చివరి రోజుల్లో మింగుడు పడదు. అప్పుడు 23 గేజి బటర్‌ఫ్లై సూది (రెక్కల్లాంటి పట్టు ఉన్న సన్నని సూది) ఛాతీ పైభాగాన చర్మం కింద పెట్టి, నోటి డోసులో సగం ఇంజెక్షన్‌గా ఇస్తారు. చోటు ఎర్రబడినా గట్టిపడినా మార్చాలి. ఊళ్లోని ఏఎన్‌ఎంకి ఇది నేర్పించినవాళ్లు ఎలా నేర్పారు, ఎవరి అనుమతితో?

మనిషి పోయాక మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకుని రిజిస్టర్‌లో ఎలా రాస్తున్నారు? డోసుల పట్టిక తెలుగులో, వీలైతే ఇక్కడి గిరిజనుల సవర మాటల్లో ఉంటే పంపండి. బొమ్మలతో ఉన్నదైతే ఇంకా మేలు.